నిండు పైపు

కరెంటు పోయిన సంగతి భోజన్నకు ఫ్యాను చెప్పింది. రెక్కలు మూడూ విడివిడిగా కనబడేదాకా తలెత్తి చూసి, తర్వాత గోడ గడియారం చూశాడు. సరిగ్గా మూడు. ఈ ఊళ్లో పెళ్లి ముహూర్తం తప్పితే తప్పుతుంది గానీ కరెంటు కోత తప్పదు. మూడింటికి పోయిందంటే మళ్లీ నాలుగింటికే. పైపు అతుకులకు పూసిన జిగురు ఆరడానికీ గంట పడుతుందని డబ్బా మీద రాసి ఉందట, కూతురు గంగమణి చదివి చెప్పింది. డాక్టరు బాపురావు పై అంతస్తులో అన్నం తిని, కునుకు తీసి, కిందికి దిగేదీ నాలుగింటికే. అన్నీ కూడబలుక్కున్నట్టు ఆ నాలుగు దగ్గరే వచ్చి నిలబడ్డాయి. అప్పటిదాకా భోజన్నకు పని లేదు. పని లేకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషి అతను. ఖలీల్‌వాడిలోని ఆ చెవుల దవాఖానలో, రోగులు కూర్చునే హాల్లో, ఆరడుగుల చేపల తొట్టి కింద, తలుపులు తెరిచిన చెక్క అల్మారా ముందు నేల మీద చతికిలబడి, ఆరుతున్న పైపు పక్కనే అరచేయి ఆనించి కూర్చున్నాడు. పైపును ముట్టుకుంటే గంగమణి ఊరుకోదు. పోతూ పోతూ అతని ఎదురుగా వచ్చి నిలబడి, వేలు చూపించి మరీ చెప్పింది. "బాపు, గంట దాక గా పైపు ముట్టకు. నేను దుకాణం కాడికి పోయి బ్యాటరీ పంపు తెస్త, చేపలకు గాలి ఆడాలె గద. అందాక నువ్వు మగ్గుతోని నీళ్లు ఎత్తి పోస్తుండు." అతను తలూపాడు. తలూపడంలో భోజన్నను మించినవాడు లేడు, అరవై ఏళ్ల జీవితంలో కడపటి ఇరవై ఏళ్లు తలూపుతూనే నెట్టుకొచ్చాడు.

ఈ గంట తర్వాత ఏం తేలాలో అతనికి తెలుసు. డాక్టరు పొద్దున్నే చెప్పేశాడు, లావుపాటి గొంతు ఆయనది, గంగమణితో అన్నా భోజన్నకు చాలా వరకు అందింది. "సూడమ్మా, నేను చెవుల డాక్టర్ని. నా దవాఖానలనే గింత లొల్లి ఉంటే జనం నవ్వుతరు. నాలుగు గొట్టంగ పేషెంట్లు వస్తరు. అప్పటికి సప్పుడు బంద్ గాలేదనుకో, నీ తొట్టి నువ్వు తీస్కపో. ఏమనుకోకు." కసిరి చెప్పలేదు, అందుకే ఎక్కువ గుచ్చుకుంది. గంగమణి నిజామాబాదులో చేపల దుకాణం పెట్టి రెండేళ్లు. ఇన్నాళ్లూ గాజు గిన్నెలూ, చిన్న తొట్లూ, జంటల చొప్పున బంగారు చేపలూ అమ్ముకుంటూ వచ్చింది. గోడలో కూర్చోబెట్టే పెద్ద తొట్టి ఇదే మొదటిది. ఖలీల్‌వాడిలో దవాఖానలన్నీ గోడకు గోడ ఆనుకుని ఉంటాయి, ఒక డాక్టరు చేసింది చూసి ఇంకో డాక్టరు చేస్తాడు. పిల్లల డాక్టరు ఒకరు, పళ్ల డాక్టరు ఒకరు ఇప్పటికే వచ్చి తొట్టి ముందు నిలబడి పోయారు. ఈ తొట్టి నిలిస్తే గంగమణి పని నిలుస్తుంది. ఊడబెరికి ఆటోలో ఎక్కించుకుపోవడం ఆ గల్లీ అంతా చూస్తే మళ్లీ గాజు గిన్నెలే. అల్లుడు దేవిదాస్ వడ్రంగి, అల్మారా పని అతనిది, వంక పెట్టడానికి లేదు. చేపలు గంగమణివి, ఒక్కటీ చావలేదు. చెడింది ఒక్క పైపు. ఆ పైపు భోజన్నది.

తొట్టిలో నీళ్లు ఊరికే నిలబడి ఉండవు. పై అంచు దాటి మూలనున్న గాజు గూట్లోకి పొర్లుతాయి, అక్కడి నుంచి పైపు గుండా నాలుగడుగులు కిందికి, అల్మారాలో దాచిన రెండో తొట్టిలోకి దిగుతాయి, మురికి వదిలించుకున్నాక పంపు వాటిని మళ్లీ పైకి తోస్తుంది. అంతే. చక్కెర ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు రసమూ, పాకమూ, ఆవిరీ పారే పైపులు బిగించినవాడికి ఇదొక లెక్కా. వారం కింద బిగించిన రోజు గంగమణి ఊళ్లో లేదు, చేపల కోసం హైదరాబాదు పోయింది. భోజన్న రెండంగుళాల పైపు పెట్టి, వాల్వు బార్లా తెరిచి, పంపు వేసి, పైపు మీద చెయ్యి పెట్టి చూశాడు. నీళ్లు ధారాళంగా దిగుతున్నాయి, ఎక్కడా చుక్క కారడం లేదు. కంపౌండరు నర్సన్న దగ్గరకొచ్చి ఏదో అన్నాడు. మూతికి అడ్డంగా టీ గ్లాసు ఉంది, ఏమన్నాడో తెలియలేదు. ఇలాంటప్పుడు జనం అడిగేది ఒకటే ఉంటుంది గదా అని, "ఏం సప్పుడు లేదు, ఫస్ట్ క్లాస్" అని చెప్పి, సంచి సర్దుకుని బోధన్ బస్సెక్కాడు. నర్సన్న ఆ రోజు ఏమన్నాడో ఈ రోజు పొద్దున తెలిసింది. "అన్నా, గీ సప్పుడు గిట్లనే ఉంటదా?" అన్నాడట. దానికి జవాబుగా సప్పుడు లేదు ఫస్ట్ క్లాస్ అని పోయిన మనిషిని ఏమనుకోవాలో తెలియక, నర్సన్న వారమంతా ఆ ముచ్చట వచ్చిన వాళ్లందరికీ చెప్పుకున్నాడు.

సప్పుడంటే మామూలు సప్పుడు కాదట. ఎవరో పాయఖానాలో గొలుసు లాగినట్టు, అదీ ఒకసారి లాగి ఊరుకోక పొద్దస్తమానం లాగుతున్నట్టు. మొదటి రోజు కూర్చున్న పేషెంట్లంతా ఒకరి తర్వాత ఒకరు లేచి ఒంటికి పోయారట, పిల్లల సంగతి చెప్పనే అక్కరలేదు. లోపల చిన్న గది ఉంది, చెవులకు డబ్బాలు తగిలించి, చేతికి మీట ఇచ్చి, సప్పుడు వినబడితే నొక్కమంటారు. నవీపేట నుంచి వచ్చిన ఒక ముసలాయన తొట్టి గుటక వేసినప్పుడల్లా మీట నొక్కి, చెవులు దివ్యంగా ఉన్నాయనిపించుకుని ఇంటికి పోబోయాడట. భోజన్నకు నవ్వొచ్చింది. ఆ ముసలాయనకు తొట్టి గుటకైనా వినబడింది.

లేచి మగ్గు అందుకున్నాడు. నీళ్లు ముంచి, జానెడు ఎత్తు నుంచి సన్నగా పోశాడు, మళ్లీ ముంచాడు, మళ్లీ పోశాడు. బుడగలు కిందిదాకా పోయి పైకొస్తున్నాయి. నల్ల మచ్చల చేప ఒకటి వచ్చి ఆ బుడగల కింద నిలబడింది. నోరు తెరుస్తుంది, మూస్తుంది, తెరుస్తుంది. లోకంలో అందరూ అతనికి అట్లాగే కనబడతారు. భార్య రుక్మాబాయి మరీను. బోధన్‌లో ఇంటి అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు మడిచి, తంబాకు కూరి, బీడీకి దారం చుట్టి, ఆ చేతులు ఆగకుండానే నోరు కదులుతూ ఉంటుంది. ఏళ్ల తరబడి ఆమె తిట్టిన తిట్లలో సగానికి సగం అతనికి చేరక వృథాగా పోయాయి. ఒక్క మాట మాత్రం ఎప్పుడన్నా పోల్చుకుంటాడు, పెదాలు అలవాటైపోయాయి. "మీ బాపుకు చెప్పుడు చెవిటోని ముందట శంఖమూదినట్టే." ఆమె సామెత అనుకునే అంటుంది. అది సామెత కాదు, ఉన్న మాటేనని ఆమెకు చెప్పినవాడు లేడు. అంటే, చెప్పవలసినవాడు చెప్పలేదు.

ఎప్పుడు పోయాయి చెవులు? ఒక రోజని చెప్పడానికి లేదు. పాకం వండే పెద్ద పెద్ద డేగిసాల అంతస్తులో పని, ఉడికే చెరుకు రసం తీపి వాసన చొక్కాకు పట్టి సబ్బుకు కూడా పోయేది కాదు, ఆవిరి కూతలు, గానుగల రోద, మనిషి పక్కనే ఉన్నా అరిచి చెప్పాలి. అరిచి అరిచి అలవాటై, ఫ్యాక్టరీ వాళ్లు పెళ్లి చూపుల్లో కూడా అరుస్తారని ఊళ్లో నవ్వుకునేవారు. చెవుల్లో పెట్టుకొమ్మని దూది ఇచ్చేవారు. దూదిని ఎవడు పెట్టుకున్నాడు, చేతుల జిడ్డు తుడుచుకోవడానికి బాగుండేది. మొదట పోయినవి సన్నని సప్పుళ్లు, పిట్టలు, గాజులు, కుక్కరు ఈల. తర్వాత ఆడవాళ్ల గొంతులు. మగవాళ్ల మాట ఇప్పటికీ గోడ అవతలి నుంచి వచ్చినట్టు వస్తుంది, గోడ మందం మాత్రం ఏడాదికింత పెరుగుతూ వచ్చింది. గంగమణి గొంతు పెద్దయ్యాక ఎట్లా మారిందో అతనికి తెలియదు. పదేళ్ల పిల్లప్పటి గొంతునే ఆమె పెదాలకు అతికించుకుని వింటున్నాడు.

చెప్పి ఉంటే ఏమయ్యేది? చెవి లేని ఫిట్టరును గేటు దగ్గర కూర్చోబెడతారు. ఫిట్టరుకు చెవే పనిముట్టు, పానా తర్వాతే. మేస్త్రి చంద్రయ్య నేర్పిన మొదటి పాఠం అదే. మూరెడు పొడుగు స్క్రూడ్రైవరు పైపు మీద ఆనించి, కర్ర పిడిని పళ్ల మధ్య పట్టుకుని కళ్లు మూసుకునేవాడు, లోపల ఏం జరుగుతోందో చెప్పేవాడు: ఇక్కడ వాల్వు అరిగింది, ఇక్కడ గాలి పోతోంది. చంద్రయ్య చెవులు కూడా అప్పటికే పోయాయేమో, అందుకే పళ్లతో వినేవాడేమో. ఈ ఆలోచన భోజన్నకు ఇన్నేళ్లలో ఎప్పుడూ రాలేదు, మగ్గు చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. చంద్రయ్య కూడానా? ఆ స్క్రూడ్రైవరు ఇప్పుడు భోజన్న సంచిలోనే ఉంది, పిడి మీద రెండు నోళ్ల పంటిగాట్లు ఉన్నాయి. ఏటేటా జరిగే చెవుల పరీక్షలో భోజన్న ఎలా నెగ్గేవాడంటే, మీట నొక్కే ముందు అవతలి మనిషి చేతిని కనిపెట్టేవాడు. చేయి కదిలితే నొక్కడమే. పద్దెనిమిదేళ్లు చేయి చూసి నొక్కాడు, ఒక్కసారీ దొరకలేదు, దొరకనందుకు గర్వపడ్డాడు కూడా.

మళ్లీ నేల మీద కూర్చున్నాడు. మూడుంపావు. నర్సన్న బెంచీ మీద మొహాన పేపరు కప్పుకుని పడుకున్నాడు, పొట్ట లేచి పడుతున్న తీరు చూస్తే గురక పెడుతున్నట్టే ఉంది. కొత్త పైపు తెల్లగా ఉంది. పాతదానికీ దీనికీ తేడా చూడగానే కనబడదు. వాల్వు అదే, కాకపోతే ఆ రోజు బార్లా తెరిచి పెట్టాడు, ఇప్పుడు సగానికి మూశాడు. ఆ సగం మూయడానికి చేయి ఎంత మొరాయించిందో అతనికే తెలుసు. పనిలో చేరిన ఏడాది పాకం లైను మీద వాల్వు సగం మూసి పెట్టాడు, ధార మరీ జోరుగా ఉందని, తనకు తెలివి ఉందనుకుని. తెల్లారేసరికి లైనంతా గడ్డకట్టింది. పైపులు విప్పి, సుత్తితో కొట్టి, వేడి నీళ్లు పోసి కరిగించి, రెండు రోజులు పట్టింది. చంద్రయ్య తిట్టలేదు, చెవి దగ్గరకొచ్చి చెప్పాడు. "పైపు గొంతు వట్టుకోకు బిడ్డా. మూస్తే మొత్తం మూయి, తెరిస్తే మొత్తం తెరువు." ఆ మాట ముప్పై ఏళ్లు చేతిలో ఉండిపోయింది. ఇంట్లో నల్లా కూడా అట్లాగే తిప్పుతాడు, రుక్మాబాయి చీర తడిసి నోరు కదుపుతుంది. చేపల తొట్టి పైపూ అట్లాగే తెరిచాడు. పాకం పారే పైపుకు చెప్పిన మాట నీళ్లు పారే పైపుకు ఎందుకు పెట్టావురా అంటే, చక్కెర మనిషి, ఇంకోలా పెట్టడు.

కిటికీ లోంచి చలికాలపు ఎండ వచ్చి మోకాలి మీద పడింది. తొట్టి సప్పుడు చేస్తోందని కబురు అంది బయలుదేరిన పొద్దుటి బస్సులోనూ ఇదే ఎండ. ఎడపల్లి దగ్గర చెరుకు ట్రాక్టర్లు అడ్డం వచ్చి బస్సు ఆగింది, గడలు రోడ్డు మీదికి జారుతుంటే పిల్లలు లాగుతున్నారు, ముందు సీట్లో ఆమె చెవులు మూసుకుంది, డ్రైవరు హారన్ మీద చేయి తీయడం లేదన్న మాట. భోజన్న కిటికీ కమ్మీకి నుదురు ఆనించాడు. ఇంజను వణుకు ఎముకలోకి వచ్చింది. ఆ వణుకులోనే గుర్తొచ్చింది, ఫ్యాక్టరీలో ఒక్క పైపు వణికేది కాదు. డేగిసాల ఆవిరిని చల్లబరిచే నీళ్లు దిగే పైపు అది, మూడంతస్తుల నుంచి నేల దాకా ముప్పై నాలుగు అడుగులు, కింది మూతి ఎప్పుడూ నీళ్ల గుంతలో మునిగి ఉండాలి, గాలి పోవద్దు. అది పొద్దంతా నిండుగా ఉండేది. అన్నం తిన్నాక అందరూ దానికే వీపు ఆనించి కూర్చునేవారు, చల్లగా, కదలకుండా ఉండేది. లోపల నీళ్లు ఉన్నాయా లేవా అని కొత్తవాళ్లకు అనుమానం. "నిండు కుండ తొణకదంటరు గద, నిండు పైపు గూడ గంతే" అనేవాడు చంద్రయ్య. బస్సు కదిలింది. భోజన్న కమ్మీ మీద నుంచి నుదురు తీయలేదు. లోపల ఖాళీ ఉన్న పైపే మొత్తుకుంటుంది. నీళ్లు గోడలకు కొట్టుకుంటూ, గాలిని మింగుకుంటూ, కింద పడి చిందుకుంటూ దిగుతాయి. వాల్వు కాస్త బిగిస్తే నీళ్లు వెనక్కి నిలిచి పైపు నిండుతుంది, గాలికి చోటుండదు. కింది మూతిని రెండు వేళ్ల లోతు నీళ్లలో ముంచితే చిందడానికి ఏమీ ఉండదు. నీళ్లు గడ్డకట్టవు. ఈ చిన్న మాట తెలుసుకోవడానికి అరవై ఏళ్లు పట్టింది. అయినా భయం పూర్తిగా పోలేదు. ఆకో, చేప పిల్లో అడ్డం పడి పైపు మూసుకుపోతే హాలంతా నీళ్లవుతాయని, మొదటి పైపు కంటే రెండు వేళ్లు ఎత్తులో రెండో పైపు కూడా పెట్టాడు. పనేమీ లేకుండా నిలబడి ఉండే పైపు. అవసరమైతేనే దానికి పని.

పనేమీ లేకుండా. ఫ్యాక్టరీ నుంచి ముందే ఇంటికి పంపిన వాళ్లలో తనూ ఒకడై బయటపడ్డ ఏడాది అట్లాగే గడిచింది. పొద్దున్నే లేచేవాడు, షిఫ్టు లేదు. రుక్మాబాయి వెనక తంబాకు బుట్ట మోసుకుంటూ తిరిగేవాడు, ఆకు కత్తిరించబోతే అంచులు వంకర పోయేవి, "నీ ఇనుప చేతులకు గీ పని రాదు, ఊకో" అని బుట్ట లాక్కునేది. అప్పుడు గంగమణి వచ్చింది. "బాపు, నా దుకాణంల పైపులు బిగించేటందుకు మనిషి కావాలె. నువ్వు రా" అంది. అంతే. ఆ మాటతో మనిషిలో మళ్లీ నీళ్లు పారాయి. అందుకే చెప్పలేదు. చెవులు లేవని తెలిస్తే మళ్లీ అరుగు మీద కూర్చోబెడుతుందని, మంచి మాటలతోనే కూర్చోబెడుతుందని భయం. ఆ భయమే వారం కింద సప్పుడు లేదు ఫస్ట్ క్లాస్ అనిపించింది. ఎవర్నన్నా ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. సప్పుడు ఉన్నదా అని అడగడానికి నోరు రాలేదు, నోరు రానందుకు కూతురి తొట్టి ఆటో ఎక్కబోతోంది.

ఈ రోజు పొద్దున గంగమణి కోప్పడలేదు. ఈ అల్మారా ముందే కూర్చోబెట్టి, పంపు నడుస్తుండగా, అతని అరచేయి తన ఒళ్లోకి లాక్కుంది. "మూడు తీర్ల సప్పుడున్నది బాపు. సూడు" అని, చూపుడు వేలితో అరచేతిలో టకటకా కొట్టింది, ఆపకుండా. ఆగి, పిడికిలితో ఒక్క గుద్దు గుద్దింది. మళ్లీ టకటకా. తర్వాత అయిదు గోళ్లతో చెయ్యంతా బరికింది. చక్కిలిగిలి పుట్టి నవ్వాడు. నవ్వుతూనే అర్థం చేసుకున్నాడు: టకటకా అంటే ఖాళీ పైపులో నీళ్లు దొర్లడం, గుద్దు అంటే పైన గాలి మింగడం, బరకడం అంటే కింద చిందడం. మూడు జబ్బులు, మూడు మందులు. స్క్రూడ్రైవరు పళ్ల మధ్య పెట్టుకుని చూస్తే గుద్దు నిజంగానే దవడకు తగిలింది. ఇంక పనిలో పడిపోయాడు, పైపు కోయడం, అతికించడం, అంతా పనే. ఇప్పుడు పని లేదు. ఎండ మోకాలి మీద నుంచి పాదం మీదికి జరిగింది. భోజన్న తన అరచేయి తిప్పి చూసుకున్నాడు.

చెవులున్న మనిషికి సప్పుడును అరచేతిలో కొట్టి ఎవరు చూపిస్తారు?

పొద్దున అప్పుడు పంపు నడుస్తూనే ఉంది. విను బాపు అనాలి, అంతే గదా. సూడు అంది. ఎప్పటి నుంచి సూడు అంటోంది? మాట్లాడే ముందు ఎదురుగా వచ్చి నిలబడుతుంది, ఎప్పుడూ. వెనక నుంచి వచ్చినప్పుడు భుజం మీద చేయి వేస్తుంది, అది ప్రేమ అనుకున్నాడు. ప్రేమే, కానీ ఒట్టి ప్రేమ కాదు. దుకాణంలో ఫోనుకు ఎర్ర బుడ్డి దీపం పెట్టించింది, మోగితే వెలుగుతుంది, గిరాకీలకు షోకుగా ఉంటుందని చెప్పింది. అల్లుడు పక్క నుంచి మాట్లాడితే చేత్తో సైగ చేసి ముందుకు రమ్మంటుంది. పైపుల పనికి మనిషి కావాలని బోధన్ దాకా వచ్చినప్పుడు, నిజామాబాదులో పైపుల మనుషులు లేకనా? తెలుసు. పిల్లకు మొత్తం తెలుసు. తెలిసే పిలిచింది. భోజన్నకు కళ్లలో నీళ్లు తిరిగాయి, సిగ్గు వల్లనో మరి దేని వల్లనో. ఇరవై ఏళ్లు ఎవరికీ కనబడకుండా మోశాననుకున్న మూటకు ఒక కొస ఆ పిల్ల పట్టుకునే నడిచింది. నర్సన్న ఎక్కడ చూస్తాడో అని లేచి, మగ్గు ముంచి, చేపలకు గాలి పోశాడు, అవసరమైన దాని కంటే ఎక్కువ సేపు పోశాడు.

నాలుగుకు పది నిమిషాలుండగా గంగమణి బ్యాటరీ పంపుతో వచ్చింది. ఆటో దొరకలేదట, చెమటలు పట్టి ఉంది. పైపు అతుకులు వేలితో నొక్కి చూసి, ఆరినయి అన్నట్టు తలూపింది. మెట్ల మీద డాక్టరు చెప్పులు కనబడ్డాయి. నర్సన్న లేచి పేపరు మడిచాడు. గుమ్మంలో ఇద్దరు పేషెంట్లు, ఒక తల్లి, ఒక చిన్న పిల్లవాడు. ఎవరూ ఏమీ అనడం లేదు, లేక అంటున్నారేమో. ఫ్యాను రెక్క కదిలింది.

గంగమణి మీట వేసింది. పంపు నీళ్లు అందుకుంది, అది భోజన్నకు నేల నుంచే తెలిసింది. పై తొట్టిలో మట్టం లేచి, అంచు దాటి, మూల గూట్లోకి పొర్లింది. అతను అల్మారాలో చేయి దూర్చి పైపు మీద అరచేయి పెట్టాడు. పైపు ఒక్కసారి ఎగిరిపడింది. లోపలున్న గాలంతా నీళ్లతో తన్నుకుంటోంది, గుద్దు మీద గుద్దు. తలెత్తి చూస్తే డాక్టరు మొహం ముడుచుకుపోయింది, నర్సన్న చెవి మీద చేయి పెట్టుకున్నాడు, పిల్లవాడు తల్లి కొంగు లాగి లాగూ పట్టుకున్నాడు. గంగమణి పెదవి కొరుక్కుంది. డాక్టరు ఏదో అనబోయాడు. భోజన్న ఒక చేయి పైకెత్తాడు, ఆగుమన్నట్టు. కొత్త పైపు నిండాలంటే ముందు గాలి పోవాలి, పోయేటప్పుడు ఊరికే పోదు. ఎక్కువైన నీళ్లు రెండో పైపులోకి దిగాయి, దాని పని అది చేసింది. వాల్వు వెంట్రుక వాసి తెరిచాడు. గుద్దుల మధ్య ఎడం పెరిగింది. మళ్లీ అందులో సగం మూశాడు. కింది తొట్టిలో బుడగలు గుత్తులు గుత్తులుగా వచ్చి, తగ్గి, ఒక్కొక్కటిగా వచ్చి, ఆగిపోయాయి. రెండో పైపు మూతి దగ్గర సన్నటి తడి మాత్రం మిగిలింది. అరచేతి కింద పైపు చల్లబడింది. లోపల నీళ్లు ఉన్నాయా లేవా అని అనుమానం వచ్చేట్టుగా ఉంది.

తనకు తెలిసింది అంత వరకే. గుద్దులు చేతికి తెలుస్తాయి. సన్నటి సప్పుడు, నీళ్ల చివరి గుసగుస, అది ఏ చేతికీ ఏ పంటికీ చిక్కదు. వారం కింద సరిగ్గా ఇక్కడే నోరు తెరిచి ఫస్ట్ క్లాస్ అన్నాడు. ఇప్పుడు కూడా ఆ మాట నాలుక మీదికి వచ్చింది, మింగాడు. డాక్టరూ, నర్సన్నా, గుమ్మంలో కొత్త మొహాలూ అందరూ చూస్తుండగా భోజన్న తన అరచేయి కూతురి ముందు చాపాడు.

"నాకు ఇనవడది బిడ్డా," అన్నాడు, ఫ్యాక్టరీ అలవాటు కొద్దీ గట్టిగానే అన్నాడు. "శానేండ్లాయె. ఎట్లున్నదో నువ్వు చెప్పు."

గంగమణి పక్కన కూర్చుని, ఆ చేతిలో తన చూపుడు వేలు పెట్టింది. టకటకా కోసం అతను కాచుకున్నాడు. గుద్దు కోసం కాచుకున్నాడు. గోళ్లు బరుకుతాయేమోనని చూశాడు. వేలు కదలలేదు. అరచేతి నడుమ వెచ్చగా, బరువుగా, కదలకుండా ఉండిపోయింది. ఆమె కళ్లు మూసుకుని వింటోంది, వింటున్నంత సేపూ ఆ వేలు అట్లాగే ఉంది.

గుమ్మంలో పిల్లవాడు కొంగు వదిలేసి వచ్చి తొట్టి గాజుకు ముక్కు ఆనించాడు. డాక్టరు బాపురావు తొట్టి దగ్గరకొచ్చి, చెవి గాజుకు దగ్గరగా పెట్టి, తల పక్కకు వంచి ఉండి, లేచాడు. భోజన్న ఎదురుగా వచ్చి నిలబడి, పెదాలు విడదీసి నిదానంగా చెప్పాడు. "తొట్టి ఉండనీ. నువ్వు గా గదిలకు రా అన్నా. ఇయ్యాల గదిల సప్పుడు లేదు, మొదటి పరీక్ష నీదే. చెవికి మిషన్ పెడితే ఇంటామె మాట గూడ ఇనవడొచ్చు." రుక్మాబాయి మాట అనగానే భోజన్న గంగమణి వైపు చూశాడు, ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. "ఇన్నొద్దుల తిట్లు మల్ల మొదటి నుంచి తిడ్తది బాపు" అంది గంగమణి. అతనికి ఆ మాట మొత్తం అందింది, పెదాల మీద నుంచే.

స్క్రూడ్రైవరు కూతురి చేతిలో పెట్టి లోపలికి పోయాడు. చిన్న గది, గాజు కిటికీ, చెవులకు డబ్బాలు, చేతిలో మీట. కిటికీ అవతల డాక్టరు యంత్రం ముందు కూర్చున్నాడు, చేతులు రెండూ స్పష్టంగా కనబడుతున్నాయి. భోజన్న కుర్చీ గోడ వైపు తిప్పుకున్నాడు. కాసేపటికి లావుపాటి హోరు ఒకటి, దూరంగా గానుగ ఆడినట్టు, వచ్చింది. నొక్కాడు. ఇంకోటి వచ్చింది, నొక్కాడు. తర్వాత ఏమీ రాలేదు. వెనక డాక్టరు చేయి కదులుతూనే ఉండి ఉంటుంది, సన్నని సప్పుళ్లు ఒకటొకటిగా వచ్చి పోతూ ఉండి ఉంటాయి. భోజన్న బొటనవేలు మీట మీద పెట్టుకుని కూర్చున్నాడు. వేలు కదలలేదు, కదపాలని అతనికి అనిపించనూ లేదు.